ఒక బట్టకు మూడు ఆయుష్షులు

బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి. అయినా బయటికి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే "వేసుకోవడానికి ఏమీ లేవు" అనే మాటే వస్తుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు. ఉన్నవాటిలో కొన్ని బిగుతైపోయాయి, కొన్ని వెలిసిపోయాయి, కొన్ని ఇప్పుడు వేసుకుంటే వింతగా ఉంటాయి, మిగిలినవి ఒకదానితో ఒకటి కలవవు. ఎప్పటికీ పాతబడని బట్టలు తక్కువ డబ్బుతో ఎలా కూర్చుకోవాలని అడిగితే ఎవరైనా ఇచ్చే సలహా దాదాపు ఒకటే. ఒక తెల్ల షర్టు, ఒక నేవీ బ్లూ కోటు, ఒక మంచి జీన్స్, ఒక జత లెదర్ షూస్... ఇలా పది పదిహేను వస్తువుల జాబితా చేతిలో పెడతారు.

జాబితాలో తప్పేమీ లేదు. కాకపోతే "తెల్ల షర్టు" అన్న రెండు మాటల్లో అసలు సంగతి ఏదీ ఉండదు. ఏ గుడ్డ, ఎలాంటి కుట్టు, ఏ కొలత, ఎవరి ఒంటికి, వారంలో ఎన్నిసార్లు? ఇవి తేల్చుకోకుండా కొన్న తెల్ల షర్టు ఆర్నెల్లలో కాలరు పసుపెక్కి మూలకు చేరుతుంది.

ఈ జాబితాల ఆలోచన కొత్తది కాదు. లండన్‌లో సూసీ ఫో అనే బొటీక్ యజమాని 1970ల్లో "క్యాప్సూల్ వార్డ్‌రోబ్" (ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి బట్టల కూర్పు) అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ఏడు వస్తువుల చుట్టూ ఒక కలెక్షన్ విడుదల చేశారు. ఇద్దరి ఆలోచనలోనూ కీలకం వస్తువుల సంఖ్య కాదు, ప్రతి ముక్కా మిగతావాటితో కలవడం. మన దాకా వచ్చేసరికి కలవడం సంగతి జారిపోయి జాబితా మిగిలింది.

నా లెక్కలో ప్రతి బట్టకూ మూడు ఆయుష్షులుంటాయి. ఒకటి గుడ్డది: ఎన్ని ఉతుకులు తట్టుకుంటుంది? రెండోది ఆకారానిది: ఎన్నేళ్ల వరకు పాత ఫ్యాషన్‌లా కనబడదు? మూడోది మనతో దానికున్న సంబంధానిది: మన ఒళ్లు, పని, అలవాట్లు మారేలోపు ఎన్నాళ్లు పనికొస్తుంది? ఈ మూడింటిలో ఏది ముందు అయిపోతే ఆ రోజుతో బట్ట పని అయిపోతుంది. పదేళ్లు మన్నే గుడ్డతో రెండేళ్ల ఫ్యాషన్ ప్యాంటు కుట్టించుకుంటే ఎనిమిదేళ్ల డబ్బు నీళ్లపాలు. అలాగే ఎప్పటికీ నప్పే కటింగ్ ఉన్న టీషర్టు నాలుగు ఉతుకులకే సాగిపోతే ఆ కటింగ్ ఎవరికి కావాలి? తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ఈ మూడూ ఇంచుమించు సమానంగా ఉన్నాయా లేదా అని.

గుడ్డ సంగతి

నూలు పోగు అంటే సన్నటి పీచులు మెలితిప్పి చేసినది. పీచు పొడవుగా ఉంటే తక్కువ కొసలు బయటికి వస్తాయి, పోగు నున్నగా, గట్టిగా ఉంటుంది. పొట్టి పీచైతే కొసలు ఎక్కువ. రాపిడికి అవి పైకి లేచి, ఒకదానికొకటి చుట్టుకుని చిన్న చిన్న ఉండలు కడతాయి. పొడవు పింజ పత్తికి ఎక్కువ ధర పెట్టేది అందుకే. పత్తిలో పాలిస్టర్ కలిపిన గుడ్డలో ఇంకో చిక్కుంది. పాలిస్టర్ పోగు బలమైనది కాబట్టి కట్టిన ఉండ ఊడిపోకుండా అక్కడే వేలాడుతుంది. అచ్చమైన పత్తి మీద, ఉన్ని మీద కట్టిన ఉండలు కొన్నాళ్లకు వాటంతటవే రాలిపోతాయి. అలాగని పాలిస్టర్ ఎందుకూ పనికిరాదనుకోకూడదు. ముడతలు పడదు, త్వరగా ఆరుతుంది, తేలిగ్గా చిరగదు. అయితే చెమటను పీల్చుకోదు, వాసన పట్టేస్తుంది. ఒంటికి ఆనుకుని ఉండేవాటికి పత్తి లేదా లినెన్, పైన వేసుకునేవాటికి మిశ్రమం అనుకుంటే పెద్దగా తప్పు జరగదు.

షాపులో ఒక షర్టు చేతిలోకి తీసుకున్నారనుకోండి. ధర చీటీ చూడకుండా ముందు దాన్ని లైటుకు ఎదురుగా పట్టుకోండి. నేత ఒకేలా ఉందా, అక్కడక్కడా పలచబడిందా తెలిసిపోతుంది. అంచు ఒకటి పిడికిట్లో పట్టి పది సెకన్లు గట్టిగా నలిపి వదలండి. చాలాసేపు కాగితంలా ముడతలు నిలిచిపోతే ఇస్త్రీ పెట్టెతో జీవితాంతం కుస్తీ తప్పదు. లినెన్ మాత్రం దీనికి మినహాయింపు, దాని అందమే ఆ ముడతల్లో ఉంది. రెండు వేళ్ల మధ్య గుడ్డను గట్టిగా రుద్దినప్పుడు పొడిలా రాలితే, షాపులో కనిపించే ఆ నిండుతనం గంజిలాంటి పూతది. మొదటి ఉతుకుతో పోతుంది.

తర్వాత షర్టును తిరగేయండి. బట్ట గుట్టు లోపలి వైపే బయటపడుతుంది. పక్క కుట్టు దగ్గర గుడ్డ కొసలు కనబడకుండా మడిచి రెండు వరసలు కుట్టారా, లేక ఓవర్‌లాక్ (కొసల చుట్టూ దారం అల్లే మిషన్ కుట్టు) కొట్టి వదిలేశారా? మడత కుట్టు ఎక్కువ కాలం ఆగుతుంది. ఒక అంగుళంలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. మంచి షర్టులో 16, 18 దాకా ఉంటాయి. హడావిడిగా కుట్టినదాంట్లో అందులో సగమే ఉండొచ్చు. కుట్లు తగ్గితే మిషన్ మీద సమయం మిగులుతుంది, ఫ్యాక్టరీ ఆదా చేసేది అక్కడే. కాజాల చుట్టూ దారం ఒత్తుగా ఉందా, ఇప్పటికే పోగులు లేస్తున్నాయా? గళ్ల గుడ్డో చారల గుడ్డో అయితే జేబు మీది గీత వెనకున్న గీతతో కలిసిందా? గీతలు కలపాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, కత్తిరించేవాడికి ఓపిక కావాలి. అక్కడ శ్రద్ధ పెట్టినవాళ్లు కంటికి కనబడని చోట్ల కూడా కొంత శ్రద్ధ పెట్టి ఉంటారని నమ్మవచ్చు. ఇదంతా కలిపి రెండు నిమిషాల పని. కౌంటర్ దగ్గర క్యూలో నిలబడే సమయం కన్నా తక్కువ.

టీషర్టుకి ఈ పరీక్షలు సగమే పనిచేస్తాయి. అక్కడ చూడాల్సింది బరువు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్కను జీఎస్ఎమ్ అంటారు. 130 దగ్గర ఉంటే పలచన, 180 దాటితే నిండుగా ఉండి ఆకారం నిలుస్తుంది. మెడ పట్టీని కొంచెం సాగదీసి వదిలినప్పుడు వెంటనే వెనక్కి రాకపోతే దాన్ని తిరిగి మడతపెట్టి వచ్చేయండి. జీన్స్‌లో సాగే గుణం కోసం కలిపే స్పాండెక్స్ 1958లో డ్యూపాంట్ కంపెనీలో పుట్టింది. సుఖంగా ఉంటుంది, కాదనను. కానీ వేడికీ క్లోరిన్‌కీ అది ముందు చచ్చిపోతుంది, మోకాళ్ల దగ్గర గుడ్డ ఉబ్బి అలాగే ఉండిపోతుంది. ఒకటి రెండు శాతం వరకు పరవాలేదు, అంతకు మించితే ఎక్కువ కాలం ఆశించవద్దు.

ధర ఎక్కువైతే మన్నిక కూడా ఎక్కువే అనుకుంటాం. అది కొంత దూరం వరకే నిజం. ఉన్ని సూట్ల గుడ్డ మీద సూపర్ 100, సూపర్ 150 అని రాసి ఉంటుంది. ఆ అంకె పీచు ఎంత సన్ననిదో చెబుతుంది. సూపర్ 100 అంటే పీచు మందం దాదాపు 18.75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు, సూపర్ 150 అంటే 16.25 లోపు. అంకె పెరిగేకొద్దీ చేతికి మెత్తగా, కంటికి మెరుపుగా ఉంటుంది, ధర కొండెక్కుతుంది, గుడ్డ మాత్రం సున్నితమవుతుంది. రోజూ కుర్చీలో కూర్చుని లేచే మనిషికి సూపర్ 100, 110 చాలు. మేక నూగుతో చేసే కష్మీర్ స్వెటర్ కూడా అంతే, అపురూపంగా చూసుకోవాల్సిన వస్తువు, రోజువారీ వాడకానికి కాదు. చవక వస్తువు నుంచి మధ్యరకానికి వెళ్తే మన్నిక పెరుగుతుంది. మధ్యరకం నుంచి ఖరీదైనదానికి వెళ్తే పెరిగేది ఎక్కువగా నాజూకుతనం, పేరు. తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లకు ఇది శుభవార్తే అనుకుంటాను.

కోట్లలో ఒక మెలిక ఉంది. కోటు ఛాతీ భాగం బిగువుగా నిలబడాలంటే పైగుడ్డకూ లైనింగ్‌కూ మధ్య ఇంకో పొర కావాలి. పాత పద్ధతిలో అది కుట్టుతో పట్టి ఉంచిన క్యాన్వాస్ అనే బిరుసు గుడ్డ. చవక పద్ధతిలో జిగురుతో, వేడితో అంటించిన పొర. కింది బటన్ దగ్గర పైగుడ్డనూ లైనింగ్‌నూ వేళ్లతో విడదీసి చూడండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ తగిలితే క్యాన్వాస్, పైగుడ్డే మందంగా అట్టలా ఉంటే అంటించినది. అంటించినదాన్ని పదేపదే డ్రైక్లీనింగ్‌కి ఇస్తే కొన్నాళ్లకు జిగురు వదిలి ఛాతీ మీద బుడగలు లేస్తాయి, దాన్ని బాగుచేయడం ఎవరి వల్లా కాదు. క్యాన్వాస్ కోటు ఖరీదు. ఈ రెండింటికీ మధ్య నేను చెప్పే దారి లైనింగ్, ప్యాడింగ్ ఏవీ లేని మెత్తటి కాటన్ లేదా ఉన్ని కోటు. అందులో ఊడిపోవడానికి జిగురు తక్కువ.

షూస్ విషయంలో సోల్ ఎలా అతికారన్నదే ప్రధానం. పైతోలుకు ఒక పట్టీ కుట్టి, ఆ పట్టీకి సోల్ కుట్టే పద్ధతిని గుడ్‌ఇయర్ వెల్ట్ అంటారు. సోల్ అరిగినప్పుడు విప్పి కొత్తది వేయించుకోవచ్చు. జిగురుతో అతికించినవాటికి సాధారణంగా ఆ అవకాశం ఉండదు. తోలు దగ్గర కూడా జాగ్రత్త. ఫుల్ గ్రెయిన్ అంటే తోలు పైపొరను గీకకుండా ఉంచినది, అది వాడేకొద్దీ అందం తెచ్చుకుంటుంది. బాండెడ్ లెదర్ అంటే తోలు ముక్కల పొడిని జిగురుతో కలిపి షీటుగా చేసినది, రెండు మూడేళ్లలో పొరలు పొరలుగా రాలుతుంది. పేరులో లెదర్ ఉంది కదా అని మోసపోవద్దు.

ఆకారం సంగతి

"క్లాసిక్" అని పిలిచే వస్తువుల పుట్టుక చూస్తే తమాషాగా ఉంటుంది. అడ్డచారల బ్రెటన్ టాప్ 1858లో ఫ్రెంచ్ నేవీ నావికులకు ఇచ్చిన యూనిఫామ్. జీన్స్ జేబుల మూలలకు రాగి రివెట్లు వేసే పద్ధతికి జేకబ్ డేవిస్ అనే టైలర్, లెవీ స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి కలిసి 1873లో పేటెంట్ తీసుకున్నారు, కష్టపడే కూలీల ప్యాంట్లు జేబుల దగ్గర చిరిగిపోతున్నాయని. పోలో షర్టును ఫ్రెంచ్ ఆటగాడు రెనే లకోస్ట్ టెన్నిస్ ఆడటానికి చేయించుకున్నాడు. ఎవరూ వీటిని శాశ్వతంగా ఉండాలని తయారుచేయలేదు. ఒక పనికోసం చేశారు, ఆ పని బాగా జరిగింది, అనవసరమైనది ఏదీ లేదు కాబట్టి కాలంతో పాటు తీసేయాల్సిందీ పెద్దగా లేకపోయింది.

అయితే ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వస్తువు క్లాసిక్ కావచ్చు, దాని కొలతలు కాకపోవచ్చు. ట్రెంచ్ కోటు (నడుముకు బెల్టుండే పొడవాటి వాన కోటు) వందేళ్ల నుంచి ఉంది. కానీ 1980ల నాటి ట్రెంచ్ కోటు వేసుకుంటే ఆ భుజాల ప్యాడింగే ఏ దశాబ్దానిదో చెప్పేస్తుంది. జీన్స్ ఎప్పటికీ ఉంటుంది, కాళ్లకు అతుక్కుపోయే జీన్స్ మాత్రం ఒక పదేళ్లు రాజ్యమేలి వెనక్కి తగ్గింది. ఫ్యాషన్ మారినప్పుడు నిజానికి మారేవి నాలుగైదు కొలతలే: భుజం వెడల్పు, కోటు కాలరు మడత వెడల్పు, ప్యాంటు నడుం ఎత్తు, కాలి వెడల్పు, పొడవు. ఇవి లోలకంలా అటు చివరికీ ఇటు చివరికీ ఊగుతుంటాయి. ఏ కాలంలోనూ ఎబ్బెట్టుగా ఉండనివి మధ్యలో ఉన్నవి. కోటు కాలరు మడత మెడకూ భుజం కొసకూ మధ్య దూరంలో దాదాపు సగం దాకా రావాలి. ప్యాంటు కాలు తొడనూ పట్టేయకుండా, పాదాన్నీ మింగేయకుండా తిన్నగా దిగాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక కొసన ఆగాలి. మధ్యరకం కొలతలు ఏ ఏడాదీ ఎవరినీ అబ్బురపరచవు, నిజమే. ఆ ఆశ వదులుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

బయటికి కనబడే పెద్ద లోగో, మెరిసే జిప్పులు, కావాలని చింపిన మోకాళ్లు, ఇవన్నీ బట్టమీద తేదీ ముద్ర వేసినట్టే.

మన సంగతి

మూడో ఆయుష్షు గురించి షాపులో ఎవరూ చెప్పరు. వచ్చే ఏడాదికి బరువు తగ్గుతామని కొన్న ప్యాంటు, ఎప్పుడో వెళ్లబోయే పార్టీకోసం కొన్న కోటు, వేరే ఎవరి మీదో బాగుందని కొన్న రంగు... బీరువాలో చోటు తినేది ఇలాంటివే. ఎలాంటి బట్టలు కొనాలో తెలుసుకోవడానికి ఒక నెలపాటు ఏమీ కొనకుండా ఉండటం మంచి మార్గం. హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి పెట్టండి, వేసుకుని ఉతికినదాన్ని మామూలుగా తగిలించండి. నెలాఖరుకి ఏవి కదిలాయో ఏవి కదల్లేదో కళ్ల ముందే ఉంటుంది. కదిలినవాటిలో అరిగిపోతున్నదేదో అదే మీరు మొదట కొనాల్సిన వస్తువు, ఈసారి ఇంకొంచెం మంచిది.

ధరను వేసుకున్న సార్లతో భాగించి చూడమనే లెక్క ఒకటి బాగా ప్రచారంలో ఉంది. లెక్క సరైనదే, కానీ కొనేటప్పుడు ఆ సార్లు మన ఊహలోంచి వస్తాయి. నచ్చిన వస్తువు ముందు నిలబడ్డ మనిషి దాన్ని రెండొందల సార్లు వేసుకుంటానని తనకు తానే టోకరా వేసుకోగలడు. అందుకే ఊహ కాకుండా, అలాంటి వస్తువు గత ఏడాది ఎన్నిసార్లు వేసుకున్నామో ఆ అంకెతో భాగించాలి.

రంగుల దగ్గర మామూలు గుణకారం చాలు. ఐదు పైబట్టలు, మూడు ప్యాంట్లు అన్నీ ఒకదానితో ఒకటి కలిస్తే 15 జతలు. ఐదింటితోనూ కలిసే నాలుగో ప్యాంటు కొంటే ఇంకో ఐదు జతలు పెరుగుతాయి. ఒక్క షర్టుతోనే కలిసే ప్యాంటు కొంటే పెరిగేది ఒకటే, ధర మాత్రం అంతే. కాబట్టి కింద వేసుకునేవి, కోట్లు, షూస్ రెండు మూడు నిదానమైన రంగుల్లో ఉంచుకుని, సరదా అంతా షర్టుల మీద, స్కార్ఫుల మీద తీర్చుకోవడం మేలు. నలుపు అన్నిటికీ కలుస్తుందంటారు కానీ నేను నేవీ బ్లూకే ఓటేస్తాను. నలుపు వెలిస్తే దిగాలుగా కనబడుతుంది, పైగా రెండు వేర్వేరు నలుపులు పక్కపక్కన పెడితే ఒకటి ఎర్రగానో ఇంకొకటి పచ్చగానో తేలుతుంది. షాపు లైట్లో ఇది తెలియదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మంచి వస్తువు ఒక్కసారి కొంటే చవకవి నాలుగు కొనే ఖర్చు తప్పుతుందని అందరికీ తెలుసు. చేతిలో ఆ మొత్తం ఒకేసారి లేకపోవడమే కదా అసలు సమస్య. అందుకే బడ్జెట్‌ను నెలకు కాకుండా ఏడాదికి వేసుకోవాలి. ఏడాదికి ఒక్క పెద్ద కొనుగోలు, అదీ షూసో కోటో బ్యాగో. టీషర్టులు, సాక్సులు, లోపలి బట్టలు ఎంత ఖరీదువైనా చివరికి అరిగిపోయేవే, అక్కడ మధ్యరకం చాలు. సీజన్ అయిపోయాక కొనడం పాత చిట్కానే, కానీ ఫ్యాషన్ మారదని మనం ఎంచుకున్న వస్తువులకు అది నిజంగా పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ బట్టలంటే మొహమాటపడేవాళ్లు ఒకటి గుర్తించాలి. పది ఉతుకుల పరీక్ష అవి అప్పటికే రాసేశాయి. ముడుచుకోవాల్సింది ముడుచుకుంది, వెలవాల్సింది వెలిసింది. దాగిన లోపం ఉంటే చంకల్లో, కాలరు మడతలో, మోచేతుల దగ్గర, ప్యాంటు తొడల మధ్య ఉంటుంది, లైటుకు పట్టి చూస్తే దొరికిపోతుంది.

వీటికీ, కొత్త రెడీమేడ్‌కీ కూడా మంచి టైలర్ తెలిసి ఉండటం పెద్ద ఆస్తి. ఖరీదైన షర్టు లూజుగా వేలాడటం కన్నా మామూలు షర్టు ఒంటికి సరిపోతే బాగుంటుంది. నడుం తగ్గించడం, పొడవు తగ్గించడం, పక్కలు పట్టించడం తేలిక, ఖర్చూ తక్కువ. పెద్దది చేయాలంటే కుట్టు లోపల గుడ్డ వదిలి ఉండాలి, అందుకే కొనేముందు అది చూసుకోవాలి. భుజాలు సరిచేయడం మాత్రం కోటు మొత్తం విప్పి మళ్లీ కుట్టడంతో సమానం. కాబట్టి భుజాలు సరిపోయేలా కొని మిగతావి టైలర్‌కి వదిలేయండి. చాలామంది మరిచిపోయిన పని ఇంకోటుంది. షర్టు కాలరు మడత దగ్గర చిరిగితే దాన్ని విప్పి, తిరగేసి కుట్టించుకోవచ్చు. అరగని వైపు బయటికి వస్తుంది, షర్టుకి ఇంకో రెండేళ్లు.

ఇక ఉతుకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చన్నీళ్లు, తిరగేసి ఉతకడం, నీడలో ఆరేయడం, జిప్పులు వేసి ఉంచడం. బట్టలోపలి చీటీ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండైతే మధ్యరకం, మూడైతే ఎక్కువ. స్వెటర్లను హ్యాంగర్‌కి తగిలిస్తే భుజాల దగ్గర కొమ్ములు వస్తాయి, మడతపెట్టాలి. ఉన్ని బట్టలు దాచేముందు తప్పకుండా ఉతకాలి, ఎందుకంటే చిమ్మెట పురుగులు చెమట, మరకలు ఉన్నచోటే ఎక్కువగా కొరుకుతాయి. షూస్ ఒకరోజు వేసుకుంటే మర్నాడు వదిలేయాలి, లోపలి తేమ ఆరడానికి.

చివరగా, బాగా నచ్చిన వస్తువు దొరికితే రెండు కొని ఒకటి దాచుకోవాలా అని చాలామంది అడుగుతారు. అచ్చమైన కాటన్ షర్టు అయితే నిక్షేపంగా కొనండి. సాగే గుడ్డతో చేసినవి వద్దు, ఆ సాగే గుణం వాడకపోయినా కాలంతో పాటు పోతుంది. పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ సోల్ ఉన్న షూస్ అసలే వద్దు. గాలిలోని తేమకే ఆ సోల్ లోపల్లోపల విరిగిపోతుంది, కొన్నేళ్ల తర్వాత పెట్టెలోంచి తీసి నాలుగడుగులు వేసేసరికి ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది.